మొరార్జీ దేశాయి: బొంబాయి రాష్ట్రపాలనమున 19 సంవత్సరములు

(సూరతులో కేంద్ర ప్రభుత్వోద్యోగుల తెలుగు సమాజపు వార్షిక సభయందు చేసిన ప్రసంగము)



ఉద్యోగధర్మము మనలను తెలుగునాటినుండి ఈ తపతీ తీరమునకు కొనివచ్చినది. మనకు ఎంతో ముందే వరంగల్లు, కరీంనగరు, నల్లగొండ ప్రాంతముల పద్మశాలీ కుటుంబములు మగ్గముల పనికై ఈ నగరమునకు వచ్చి స్థిరపడినవి. వారి బిడ్డలకై ఇచ్చటి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమపు పాఠశాలలను సయితము నడపినది. మనకు అన్నము పెట్టుచున్న ఊరిని గూర్చియు, ఈ సీమలో పుట్టిన పెద్దలను గూర్చియు తెలిసికొనుట ఋణము తీర్చుకొనుట వంటిది. అందుచే నేటి ప్రసంగమునకు మొరార్జీ దేశాయిగారి ప్రజాజీవితమును విషయముగా గ్రహించితిని.

ఆయన పేరు వినగానే మనకు స్ఫురించునది ప్రధానమంత్రి పదవి. కాని ప్రధానిగా ఆయన పనిచేసినది 1977 మార్చి మొదలు 1979 జూలై వరకు, రెండేండ్ల నాలుగు మాసములు మాత్రమే. బొంబాయి రాష్ట్రపాలనముతో ఆయనకు గల సంబంధము 1937లో మొదలై, నడుమ కారాగారవాసములతో కలిపి, 1956 వరకు 19 సంవత్సరములు సాగినది. ఆయన గుణములును, ఆ గుణముల వెంటనే నడచిన లోపములును స్పష్టముగా రూపుగట్టినది ఆ కాలముననే. అంతకు పూర్వము పండ్రెండేండ్లు ఆయన మనవలె ప్రభుత్వోద్యోగి. ఫైళ్ళు వ్రాసిన చేయి ప్రజల ఓటుతో అధికారము చేపట్టినపుడు ఏమి జరుగును? ఉద్యోగి నేర్చిన విద్యలో ప్రజాపాలనకు పనికివచ్చున దెంత, చాలని దెంత? ఈ ప్రశ్నకు ఆయన జీవితము చెప్పు సమాధానమును మీతో కలిసి పరిశీలింప గోరుచున్నాను.

మొరార్జీ 1896 ఫిబ్రవరి 29వ తేదీన భదేలీ గ్రామమున జన్మించిరి. ఆ గ్రామము నేడు వల్సాడు జిల్లాలోనిది. అప్పుడు సూరతు జిల్లాలో చేరియుండెను. పుట్టినదినము నాలుగేండ్ల కొకమారు మాత్రమే వచ్చు ఆయనకు విధి తొంబదితొమ్మిదేండ్ల ఆయువు నిచ్చినది. తండ్రి రణ్‌ఛోడ్‌జీ బడిపంతులు. మొరార్జీకి పదునైదేండ్ల ప్రాయమున, వివాహమునకు మూడు దినముల ముందు, తండ్రి మరణించిరి. ఇంటి బరువు తలపై పడినను చదువు మానక, బొంబాయి విల్సను కళాశాలలో పట్టము పొంది, 1918లో బొంబాయి ప్రొవిన్షియల్ సివిల్ సర్వీసున చేరి డిప్యూటీ కలెక్టరైరి.

డిప్యూటీ కలెక్టరు పని ఎట్టిదో మనలో చాలమందికి తెలియును. శిస్తు వసూలు, మినహాయింపులు, సరిహద్దు తగవులు, శాంతిభద్రతలు అన్నియు ఒక్క బల్లమీదికే వచ్చును. ఆ పని మనిషికి రెండు అలవాట్లు నేర్పును. కాగితమును తుదివరకు చదువుట యొకటి. నిర్ణయము చేసిన పిమ్మట ఎవరు వచ్చి అడిగినను దానిని మార్చకుండుట రెండవది. ఈ రెండు అలవాట్లును మొరార్జీగారిని జీవితాంతము విడువలేదు.

గోధ్రాలో పనిచేయుచుండగా 1927-28 నాటి మతకలహముల విషయమున హిందువులయెడ మెత్తగా వ్యవహరించిరని ఆయనపై అభియోగము వచ్చినది. దేశమంతట శాసనోల్లంఘనోద్యమము చెలరేగిన 1930లో ఆయన ఉద్యోగమునకు రాజీనామా యిచ్చిరి. ముప్పది నాలుగేండ్ల ప్రాయమున, సంసారభారము మీద నుండగా, స్థిరమైన కొలువును విడుచుట ఎంతటి పనియో సర్వీసు పుస్తకములతో కాలము గడపు మనకు వేరుగా చెప్పనక్కరలేదు. తరువాత చెరసాలలు, గుజరాతు ప్రదేశ కాంగ్రెసు కార్యదర్శి పదవి, సర్దారు వల్లభభాయి పటేలుగారి శిక్షణ, వీనితో ఏడేండ్లు గడచినవి.

1937లో రాష్ట్రములందు ప్రజామంత్రివర్గములు ఏర్పడినవి. బొంబాయిలో బి. జి. ఖేర్‌గారి మంత్రివర్గమున మొరార్జీకి రెవెన్యూ, వ్యవసాయము, అడవులు, సహకార శాఖలు లభించినవి. సరిగా అదే సమయమున చెన్నపురిలో రాజాజీ మంత్రివర్గమున రెవెన్యూ శాఖను వహించినవారు మన టంగుటూరి ప్రకాశం పంతులుగారు. ప్రకాశంగారు జమీందారీ రైతుల కష్టములను విచారించిన సంఘమునకు అధ్యక్షులై 1938లో గొప్ప నివేదికను సమర్పించిరి. ఒకరు న్యాయవాది, మరియొకరు మాజీ డిప్యూటీ కలెక్టరు. ఇద్దరి యెదుటను ఉన్నది రైతు సమస్యయే.

అయితే గుజరాతులో ఆ సమస్య వేరొక రూపము దాల్చినది. ఇచ్చట శిస్తు పెంచినది ప్రభుత్వమే. సూరతు జిల్లాలోని బార్డోలీ రైతులు 1928లో సర్దారు నాయకత్వమున సత్యాగ్రహము చేసి గెలిచిరి. తరువాతి ఉద్యమములో శిస్తు నిరాకరించిన గుజరాతు రైతుల భూములను ప్రభుత్వము జప్తు చేసి అన్యులకు విక్రయించెను. ఖేర్ మంత్రివర్గము ఆ భూములను తిరిగి రైతులకు ఇప్పించినది. శిస్తు వసూలు చేయు యంత్రమున పండ్రెండేండ్లు మెలగిన మనిషియే, ఆ యంత్రము లాగికొనిన భూమి తిరిగి యింటికి చేరు వేళ రెవెన్యూ మంత్రిగా నుండుట విశేషము. ఏ కాగితము ఎచ్చట చిక్కుకొనునో తెలిసిన మంత్రికి క్రిందివారు సాకులు చెప్పజాలరు. ఉద్యోగి విద్య ప్రజలకు పనికివచ్చిన తావు ఇది.

1939లో యుద్ధవిషయమున మంత్రివర్గములు రాజీనామా చేసినవి. వ్యక్తి సత్యాగ్రహమునను, 1942 ఉద్యమమునను మొరార్జీ మరల చెరసాలకు పోయి, 1945లో విడుదలైరి. 1946లో ఖేర్‌గారు రెండవమారు మంత్రివర్గము నేర్పరచినపుడు హోము, రెవెన్యూ శాఖలు రెండును ఆయన చేతికే వచ్చినవి. ఒక చేత లాఠీ, ఒక చేత అడంగలు అన్నమాట.

రెవెన్యూ పక్షమున జరిగిన ముఖ్యమైన పని 1948 నాటి కౌలుదారీ చట్టము. కౌలురైతును భూస్వామి ఇష్టానుసారము వెడలగొట్టరాదనియు, కౌలు హద్దుమీరరాదనియు అది శాసించెను. ఆయన ముఖ్యమంత్రిగా నున్న దినములలో, 1956లో, ఆ చట్టమును సవరించి మరియొక మెట్టు ముందుకు సాగిరి. 1957 ఏప్రిలు 1వ తేదీని 'దున్నువాని దినము'గా నిర్ణయించి, ఆనాడు భూమిని సాగుచేయుచున్న కౌలుదారు ఆ భూమిని కొనినట్లే భావింపబడునని ఏర్పాటు చేసిరి. కౌలుదారు దరఖాస్తు పెట్టి తిరుగనక్కరలేదు. చట్టమే అతనిని యజమానిని చేయును. ఇట్టి రచనలో కచేరీల లోతు తెలిసినవాని చేయి కనబడును.

కాని ఈ సూరతు జిల్లాలోనే మరియొక వర్గ ముండెను. పెండ్లిఖర్చుకై చేసిన చిన్న అప్పుతో మొదలై, తరతరములు యజమాని పొలమున కట్టుబడి పనిచేసిన దూబళా కూలీలు. ఈ పద్ధతిని హాలీ పద్ధతి యందురు. మన వెట్టికిని, జీతగాని బ్రతుకునకును దగ్గరి చుట్టము. కౌలుచట్టము కౌలుదారుని పేరు అడిగినది. కూలివాని పేరు ఏ రిజిస్టరులోను లేదు. కౌలుదారు యజమాని యైనను హాలీ కూలివాడుగనే మిగిలెను. కాగితముపై నున్నవానికి న్యాయము చేయుట కాగితమును చదువగల పాలకునికి సాధ్యము. కాగితమునకు ఎక్కని వానిని చూచుటకు మరియొక కన్ను కావలెను.

హోముశాఖ పక్షమున ప్రసిద్ధమైనది మద్యనిషేధము. 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టము ఆబ్కారీ రాబడిని వదలుకొని చేసిన పని. దొంగసారా పెరిగినదని విమర్శ వచ్చినను మొరార్జీ వెనుకంజ వేయలేదు. ఇందులో మనము పోల్చి చూడదగిన దొకటి కలదు. మన నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో సారాపై తిరుగబడిరి. వారి వెనుక రాష్ట్రమంతయు కదలెను. 1995లో ఆంధ్రప్రదేశమున సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది తొలగిపోయెను. క్రిందినుండి పుట్టిన నిషేధము రెండేండ్లలో సడలినది. పైనుండి దిగిన నిషేధము గుజరాతు చట్టమున నేటికిని నిలిచియున్నది. కావున ప్రజలు కోరినదే నిలుచును, పాలకుడు విధించినది నిలువదు అను సులభసూత్రము ఇచ్చట చెల్లదు. మొరార్జీ పట్టుదలను తూచునపుడు ఈ సంగతిని కూడ త్రాసులో వేయవలెను.

ఇక 1952. స్వతంత్ర భారతమున మొదటి సార్వత్రిక ఎన్నికలు. ఖేర్‌గారు విరమించుచుండిరి; తరువాతి ముఖ్యమంత్రి మొరార్జీయే యని అందరును ఎరుగుదురు. రాష్ట్రమున కాంగ్రెసుకు గొప్ప ఆధిక్యము లభించినది. కాని సొంత సీమయైన బుల్సారు ప్రాంతమున మొరార్జీ 19 ఓట్లతో ఓడిపోయిరి. పండ్రెండేండ్లు అధికారిగాను, రెండుమారులు మంత్రిగాను పనిచేసిన వ్యక్తికి పుట్టిన గడ్డ చెప్పిన మాట అది.

అయినను పార్టీ ఆయననే నాయకునిగా ఎన్నుకొనెను. సభ్యుడు కానివాడు ఆరు మాసముల వరకు మంత్రిగా నుండవచ్చునని రాజ్యాంగము చెప్పుచున్నది. ఆయన ముఖ్యమంత్రి పదవి స్వీకరించి, పిమ్మట ఉపఎన్నికలో గెలిచి శాసనసభలో కూర్చుండిరి. నియమమునకు లోపము లేదు. కాని నియమము తప్పకుండుట వేరు, 19 ఓట్లలో ఏమి వ్రాసియున్నదో చదువుట వేరు. తరువాతి నాలుగేండ్లలో ఈ భేదమే రాష్ట్రమునకు ముఖ్యసమస్య యైనది.

భాషారాష్ట్రముల విషయము ఆంధ్రులకు పరాయిది కాదు. పొట్టి శ్రీరాములుగారు 58 దినములు నిరాహారులై 1952 డిసెంబరు 15వ తేదీ రాత్రి ప్రాణములు విడిచిరి. ఆ వార్త విని ఆంధ్రదేశమున రేగిన అల్లర్లలో కాల్పులు జరిగి పలువురు మరణించిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము పుట్టెను. అచ్చటినుండి ఆ కోరిక దేశమంతటను ప్రాకినది. మహారాష్ట్రులు బొంబాయి నగరముతో కూడిన సంయుక్త మహారాష్ట్రమును కోరిరి. మొరార్జీ ద్విభాషా రాష్ట్రము చీలరాదనియు, బొంబాయి ఒక్క భాషవారి సొత్తు కాదనియు వాదించిరి. ఈ వాదమును మనము తేలికగా కొట్టివేయలేము. పరభాషా ప్రాంతమున నివసించు మనవంటివారికి, ఊరు ఒక్క భాషవారిది కాదను మాట చెవికి ఇంపుగనే యుండును.

వాదము సబబుగానే యున్నది. కాని దానిని నిలబెట్టిన తీరు వేరు. 1955 నవంబరులోను, 1956 జనవరిలోను బొంబాయి వీధులలో పోలీసు కాల్పులు జరిగినవి. ఆ ఉద్యమమున మొత్తము నూరుమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. వారిలో పెక్కుమంది ఈ కాల్పులకు గురియైనవారు. ఫ్లోరా ఫౌంటెను వద్ద నేడున్న హుతాత్మ చౌకు వారి స్మారకమే. కాల్పులపై విచారణ జరుపకుండుటను నిరసించుచు, బొంబాయి సమస్య కారణముగా, కేంద్ర ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌గారు 1956లో పదవిని త్యజించిరి. ఆయన మన దుర్గాబాయమ్మగారి భర్త యగుట మీకందరకు తెలిసినదే. సివిల్ సర్వీసునుండి వచ్చిన ఇద్దరు పెద్దలు ఒకే సమస్యను రెండు విధముల చూచిరి. మొరార్జీకి అది శాంతిభద్రతల ప్రశ్న. దేశ్‌ముఖ్‌కు అది జవాబు చెప్పవలసిన ప్రశ్న.

బొంబాయిలోనే కాదు, సొంత గుజరాతులోను అదియే జరిగినది. 1956 ఆగస్టులో విశాల ద్విభాషా రాష్ట్రము స్థిరపడిన వార్త విని అహమ్మదాబాదు విద్యార్థులు వీధులకెక్కిరి. అచ్చటను కాల్పులు, అచ్చటను మరణములు. ఇందూలాల్ యాజ్ఞిక్ నాయకత్వమున మహాగుజరాతోద్యమము లేచెను. హింసను మాన్పుటకై మొరార్జీ అహమ్మదాబాదులో ఉపవాసము పూనిరి. ఆయన సభ జరుగు సమయమున నగరప్రజలు తమంత తామే తలుపులు మూసికొని ఇండ్లలో కూర్చుండిరి. రాళ్ళు రువ్వలేదు, నినాదములు చేయలేదు. వినుటకు రాలేదు, అంతే. ఎన్నికైన నాయకునికి ఇంతకంటె పెద్ద ఓటమి లేదు.

1956 నవంబరు 1న, మన ఆంధ్రప్రదేశము పుట్టిన దినముననే, విశాల బొంబాయి రాష్ట్రము వై. బి. చవాను ముఖ్యమంత్రిగా ఆరంభమైనది. మొరార్జీ ఆ మాసముననే కేంద్రమంత్రి యైరి. ఆయన నిలుపగోరిన ద్విభాషా రాష్ట్రము మూడున్నర యేండ్లకే, 1960 మే 1న, మహారాష్ట్ర గుజరాతులుగా విడిపోయెను. కౌలుచట్టము నిలిచినది, మద్యనిషేధము గుజరాతున నిలిచినది, ద్విభాషా రాష్ట్రము నిలువలేదు.

అయినను ప్రజలు ఆయనను విడిచిరని అనుకొనరాదు. 1957లో ఈ సూరతు లోక్‌సభ నియోజకవర్గము ఆయనను ఢిల్లీకి పంపినది. 1962, 1967, 1971, 1977లలో మరల మరల పంపినది. దేశమంతయు ఇందిరాగాంధీగారి వైపు మొగ్గిన 1971లో సయితము సూరతు ఆయన చేయి విడువలేదు. పట్టుదల నచ్చక బుల్సారు వెనుకకు పంపిన మనిషిని, ఆ పట్టుదల నెరిగియే సూరతు అయిదుమారులు ఎన్నుకొనెను.

కేంద్రోద్యోగులమైన మనకు ఆయన రెండు విధముల పరిచితులు. ఆయన ఆర్థికమంత్రిగా నున్న 1960 జూలైలో, రెండవ వేతనసంఘపు సిఫారసులపై అసంతృప్తితో, కేంద్రోద్యోగులు దేశవ్యాప్తముగా సమ్మె చేసిరి. ప్రభుత్వము ఆర్డినెన్సుతో దాని నెదుర్కొనెను. మన పూర్వోద్యోగులు ఆ దినములను మరచియుండరు. మరి 1966లో ఏర్పడిన పరిపాలనా సంస్కరణల సంఘమునకు మొదటి అధ్యక్షుడును ఆయనయే. పౌరుల ఫిర్యాదులను విచారించుటకై కేంద్రమున లోక్‌పాలు, రాష్ట్రములలో లోకాయుక్త ఉండవలెనని ఆ సంఘము అదే సంవత్సరము సిఫారసు చేసినది. లోక్‌పాలు చట్టము వచ్చుటకు 2013 వరకు వేచియుండవలసి వచ్చెను. కాల్పులపై విచారణను అంగీకరింపని ముఖ్యమంత్రియే, పదేండ్ల పిమ్మట, అధికారముపై విచారణ జరుపు సంస్థను సిఫారసు చేసిన సంఘమునకు పెద్దగా నుండెను. ఒక మనిషిని ఒక్క సంఘటనతో ముగించి తీర్పు చెప్పరాదనుటకు ఇది నిదర్శనము.

మరియొక నిదర్శనము కలదు. 1974లో గుజరాతు విద్యార్థుల నవనిర్మాణోద్యమము రాష్ట్ర ప్రభుత్వమును కూల్చెను. శాసనసభను రద్దు చేయవలెనని ఆ మార్చిలో మొరార్జీ ఉపవాసము చేసిరి, సభ రద్దయ్యెను. ఎన్నికలు జరుపక కాలము గడపుచుండగా 1975 ఏప్రిలులో, డెబ్బదితొమ్మిదేండ్ల ప్రాయమున, ఎన్నికలకై మరల ఉపవాసము చేసిరి. జూనులో ఎన్నికలు జరిగినవి. 1956 నాటి ఉపవాసము ప్రజలను అదుపులో పెట్టుటకు. 1975 నాటిది ప్రజల తీర్పును కోరుటకు. మనిషి మారెనా, లేక ఉన్న పట్టుదలయే ఈమారు సరియైన త్రోవ పట్టెనా? పట్టుదల మారలేదనియు, అది నిలిచిన పక్షము మారినదనియు నా యభిప్రాయము. ఆ జూను చివర అత్యవసర పరిస్థితి వచ్చినది. ఆయన 1977 జనవరి వరకు నిర్బంధమున నుండిరి.

1977 ఎన్నికలలో జనతాపక్షము ఢిల్లీలో గెలిచినది. ఆంధ్రప్రదేశమున మాత్రము 42 స్థానములలో ఒక్కటియే దానికి దక్కినది. నంద్యాలనుండి ఆ ఒక్క స్థానమును గెలిచినవారు నీలం సంజీవరెడ్డిగారు. ఆయన లోక్‌సభాపతియై, పిదప పోటీ లేకుండ రాష్ట్రపతి యైరి. 1979 జూలైలో మొరార్జీ రాజీనామాను అందుకొన్నది ఆ తెలుగు చేతులే. అటుపై మొరార్జీ ఎన్నికలలో పోటీ చేయలేదు. 1991లో భారతరత్న బిరుదము నందుకొని, 1995 ఏప్రిలు 10న బొంబాయిలో కన్నుమూసిరి.

సోదరులారా, ఆయన జీవితమునుండి మనము గ్రహింపవలసిన దేమి? నియమమును తప్పకుండుట, సిఫారసుకు లొంగకుండుట, వ్రాసినదానికి నిలబడుట, ఇవి ఉద్యోగి సద్గుణములు. ఇవి లేని పాలన దోపిడి యగును. మొరార్జీ వీనిని శాసనసభకు కొనిపోయి, కౌలురైతునకు భూమి నిచ్చిరి. కాని మన బల్లకు ఈవలి ప్రక్క కూర్చున్నవానికి గుంపు అల్లరిగా కనబడును. ఆవలి ప్రక్క నిలుచున్నవానికి అది అర్జీ. బొంబాయి వీధులలో 1956లో వచ్చినది అర్జీయే. దానికి లభించిన సమాధానము మాత్రము అర్జీకి ఇయ్యదగినది కాదు.

రేపు ఉదయము మనము కచేరీకి పోవుదుము. నియమములు చక్కగా తెలిసినవారమే. అర్హత లేదని వ్రాయుట మనకు కష్టము కాదు. అట్లు వ్రాయుటకు ముందు, అర్జీదారు ఏమి చెప్పవచ్చెనో ఒక్కమారు పూర్తిగా వినుట మన చేతిలో నున్న పని. వినిన పిమ్మట నియమము కాదన్నచో కాదనియే వ్రాయుదము.